యశోదత్త పెంచిన తంగేడు పురుగులు

నవ్య ఫోన్ చేసినప్పుడు నేను పప్పు కుక్కర్ దగ్గర నిలబడి విజిళ్ళు లెక్కపెడుతున్నాను. "మేడం, మా కాలేజీల పాత మ్యూజియం ఖాళీ చేస్తున్నరు. బీరువాల ఒక నోటుబుక్కు దొరికింది. అట్ట మీద మీ పేరుంది. బి. సరళ, మూడో తరగతి అని" అన్నది. నవ్య ఒకప్పుడు హైస్కూల్లో నా దగ్గర బయాలజీ చదువుకున్న పిల్ల. తల్లిదండ్రులు పాలమూరు నుంచి మట్టిపనికి వచ్చి ఇక్కడి బస్తీలో నిలదొక్కుకున్నవాళ్ళు. ఇప్పుడామె నారాయణగూడలో ఒక ఆడపిల్లల కాలేజీలో జువాలజీ లెక్చరరు. నా నోటుబుక్కు అక్కడెందుకుంటుంది, నేనా కాలేజీలో చదవనే లేదు కదా అన్నాను. "లోపల రాత మీది గాదు మేడం. మొత్తం పురుగుల ముచ్చటనే ఉంది" అన్నది. ఆ తర్వాత వచ్చింది మూడో విజిలో ఐదో విజిలో నాకు తెలియలేదు. పప్పు మాడిపోయింది.

ఆ రాత ఎవరిదో అడగకుండానే తెలిసింది. మా మేనత్త యశోదది. ఆమె ఆ కాలేజీలో అటెండరు. జువాలజీ ల్యాబులో గాజు సామాన్లు కడగడం, కప్పలకూ కుందేళ్ళకూ మేత వేయడం, మ్యూజియం అద్దాలు తుడవడం ఆమె నౌకరీ. మేనత్త అంటున్నాను గానీ నన్ను పెంచింది ఆమే. ఫోటోలో ఉన్న అమ్మ తప్ప నాకు అమ్మ గుర్తు లేదు. ముప్ఫై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పాను, నాలుగు కథల పుస్తకాలు రాశాను, ఎక్కడా నోరు మూసుకుని కూర్చునే మనిషిని కాదని నన్నెరిగిన వాళ్ళందరికీ తెలుసు. అయినా యశోదత్త గురించి ఇప్పటిదాకా ఒక్క ముక్క రాయలేదు. ఆమె గురించి రాయాలంటే ఒక బతుకమ్మ సంగతి రాయాలి. దానికి నాకు ధైర్యం చాలలేదు.

బాగ్ లింగంపల్లిలో మా ఫ్లాటు నుంచి నారాయణగూడకు ఆటోలో పది నిమిషాలు. మర్నాడు నేను నడిచే బయల్దేరాను. భయం వేసినప్పుడు నడవడం నాకు అలవాటు, ఆలస్యంగా చేరతాం కదా అని. చిక్కడపల్లి లైబ్రరీ ముందు పిల్లలు అప్పుడే పుస్తకాల సంచులతో వరుస కట్టారు. దారి కాకపోయినా అశోక్‌నగర్‌లో మా పాత గల్లీలోకి తిరిగాను. ఎటు చూసినా కోచింగ్ సెంటర్ల బోర్డులు, జిరాక్సు దుకాణాలు, హాస్టళ్ళు, నెత్తి మీద కొత్త ఇనుప వంతెన. మా ఇల్లున్న చోట నాలుగంతస్తుల హాస్టల్ లేచింది. మాది కిరాయిల్లు కాబట్టి పోయిందని ఏడ్చే హక్కు కూడా నాకు లేదు. వెనక వసారా ఉన్న చోట ఇప్పుడు వాషింగ్ మిషన్లు పెట్టారు. కిటికీలోంచి ఒక అబ్బాయి చూసి "ఎవరు గావాలె అమ్మా" అంటే, ఎవరూ వద్దు నాయనా అని వచ్చేశాను.

ఆ ఇంట్లో మేం నలుగురం. నానమ్మ, బాపు, యశోదత్త, నేను. బాపు, అంటే మా నాన్న, చిక్కడపల్లిలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో కంపోజిటరు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పెళ్ళిపత్రికలూ రసీదు బుక్కులూ పేర్చేవాడు. సాయంత్రం ఆయన గడపలోకి వస్తే ఇంకూ కిరసనాయిలూ వాసన. ఆయన వెనకే అత్తమ్మ వస్తే ఫార్మలిన్, బీరువాల్లో పురుగు పట్టకుండా వేసే డాంబర్ గోలీల వాసన. "ఒకడు గాసునూనె, ఒకతె డాంబర్ గోలీలు. నా ఇల్లు కిరాణ దుకాణం జేసిన్రు" అని నానమ్మ రోజూ అనేది. రోజూ అనకపోతే ఆమెకు అన్నం అరిగేది కాదు. పురుగులను ముట్టుకున్న చేతులతో వంటింట్లోకి రావద్దని గట్టి షరతు పెట్టింది. అందుకని అత్తమ్మ వసారాలోనే కుంకుడు రసంతో మోచేతుల దాకా రుద్దుకుని, చీర మార్చుకుని, అప్పుడు పొయ్యి దగ్గర కూర్చునేది. జొన్నరొట్టె చేతుల మీదే తిప్పుతూ చేసేది. ఎంత కడుక్కున్నా ఆమె వేళ్ళకు కొంచెం ఆకు పసరు వాసన ఉండేది. రొట్టె ముక్క నోట్లో పెట్టుకుంటే ఆ వాసన ముందు తెలిసేది, ఉప్పు తర్వాత తెలిసేది. నాకది ఇష్టంగా ఉండేది.

చిన్నప్పుడు అమ్మవారు పోసి అత్తమ్మ ముఖమంతా మచ్చలు పడ్డాయి. ఇద్దరు ముగ్గురు వచ్చి చూసిపోయారట, మళ్ళీ ఎవరూ రాలేదు. ఆ మాట ఇంట్లో ఎత్తేవాళ్ళం కాదు. ఆమె మాత్రం ఎత్తేది, నవ్వుతూనే. అద్దంలో చూసుకుని బొట్టు పెట్టుకుంటూ "జాగ దొరుకుతలేదు" అనేది. నేను నవ్వేదాన్ని. నానమ్మ అటు తిరిగి కూర్చునేది.

వెనక వసారాలో పాత మంచం చట్రానికి దోమతెర కట్టి అత్తమ్మ సీతాకోకచిలుకలను పెంచేది. చట్రం కాళ్ళ కింద నీళ్ళు పోసిన డబ్బాలు, చీమలు ఎక్కకుండా. లోపల మందు సీసాల్లో నీళ్ళు పోసి ఆకు కొమ్మలు గుచ్చేది. కాలేజీలో పెద్దమేడం, అంటే వసుంధర మేడం, జీవిత చక్రాలు చూపించే పాఠానికి పురుగులు కావాలని ఒకసారి అడిగిందట. అట్లా మొదలైన పని ఆమె ప్రాణమైపోయింది. ఏడో తరగతితో ఆగిన చదువు. లాటిన్ పేర్లు నోరు తిరగవు. అందుకని తనకు వచ్చినట్టు వర్గీకరణ చేసుకుంది. ఏ ఆకు తింటే దాని పేరు. కరివేపాకుది, జిల్లేడుది, ఆముదంది, తంగేడుది. ఒక్క ఆకు మీద రెండు జాతులుంటే తల్లి గుడ్డు ఎట్లా పెట్టిందో చూసి విడదీసేది. కలిపి పెట్టిందా, ఒక్కొక్కటే పెట్టిందా, ఆకు పైన పెట్టిందా కింద పెట్టిందా. "రెక్కలు జూసి మోసపోవద్దు బిడ్డా. రెక్కలు మారుతయి. తిండి జూడాలె, గుడ్డు జూడాలె" అని నాకు చెప్పేది. ఆ తర్వాత నేను డిగ్రీలో చదివిన పాఠాల కంటే అది తిన్నగా ఉన్న మాట.

పొద్దున్నే నా పని పెంట ఊడ్వడం. మేకవెంట్రుకల కుంచెతో పురుగుల పెంటను కాగితం మీదికి తోసి బయట పారెయ్యాలి. తర్వాత చదువు. తర్వాత బడి. తంగేడు ఆకు కోసం ఆదివారాలు అత్తమ్మ ఊరి బయటి బస్సెక్కి పోయి చీర కొంగు నిండా కొమ్మలు తెచ్చేది. లేత చిగురు మీద గుడ్డు నిలబెట్టినట్టు ఉండేది, బియ్యపు గింజ కన్నా చిన్నది, తెల్లనిది. పురుగు బయటికొచ్చి ఆకుపచ్చగా, పక్కల తెల్ల చారతో, ఆకు ఈనె వెంట పడుకుని ఉంటే నాకు కనిపించేది కాదు. అత్తమ్మకు కనిపించేది. నాలుగుసార్లు చర్మం వదిలాక అది తినడం మానేసి, ఆకు అడుగుకు చేరి, తోక దగ్గర అంటించుకుని, నడుము చుట్టూ ఒక పట్టుదారం కట్టుకుని ప్యూపా అయ్యేది. ప్యూపా కూడా ఆకుపచ్చే. తంగేడు ఆకుల్లో తంగేడు ఆకు. ఎనిమిదో తొమ్మిదో రోజున దాని లోపల నుంచి రెక్కల రంగు కనిపించడం మొదలైతే అత్తమ్మ కాలేజీకి కూడా ఆలస్యంగా పోయేది. దాన్ని చూడమని నన్ను పిలిచేది. నేను చాలాసార్లు పోలేదు, గల్లీలో తొక్కుడుబిళ్ళ ఆట ఉండేది.

మ్యూజియం బీరువాలో తంగేడువి రెండు అరల్లో ఉండేవి. ఒక అరలో కింది వైపు రెక్కలు సాఫుగా, లేత ఆకుపచ్చ కలిసిన తెలుపుతో ఉన్నవి. పక్క అరలో రెక్కల మీద సన్నని గీతలూ చుక్కలూ ఉన్నవి. రెండింటికీ రెండు పేర్లు. ఏదో పాత పుస్తకం చూసి ఎవరో ఎప్పుడో అట్లా సర్దారు. అత్తమ్మకు అది మింగుడుపడలేదు. అద్దాలు తుడిచిన ప్రతిరోజూ ఇంటికొచ్చి అదే మాట. "మచ్చలున్నయని వేరే డబ్బల పెట్టిన్రు. గవి వేరే గాదు. వానలల్ల పుట్టినయి సాఫుగ ఉంటయి, చలికి పుట్టినయి మచ్చలతోని వస్తయి. తల్లి ఒక్కతే." ఎంతో భయపడి ఒకనాడు మేడంకే చెప్పేసింది. మేడం నవ్వలేదట. "పుస్తకంలో రెండు ఉన్నాయి యశోదా. నువ్వు చెప్పింది నిజమైతే చూపించు. ఒక్క తల్లి గుడ్ల నుంచి మొదలుపెట్టి, వానాకాలం నుంచి చలికాలం దాకా వంశం తెగకుండా పెంచు. పిల్లల్లో రెండు రకాలూ వస్తే అరలు రెండూ కలిపేద్దాం. చీటీ మీద పెంచింది నువ్వని నీ పేరు వేయిద్దాం" అన్నదట.

ఆ రోజు ఆమె ఇంటికి వచ్చిన తీరు నాకిప్పటికీ కళ్ళ ముందుంది. చీర మార్చుకోకుండానే వంటింట్లోకి పోయింది. నానమ్మ తిట్టడం కూడా మరిచిపోయి చూసింది. మ్యూజియంలో పిన్నులకు గుచ్చే చీటీలు గోరంత ఉంటాయి. బాపు మర్నాడే ప్రెస్సులో అన్నిటికంటే చిన్న అచ్చు ఏరి "పెంచినది: బి. యశోద" అని ఒక ఇరవై చీటీలు కొట్టి తెచ్చాడు. "ఇంకా ఏం గాలేదు గద అన్నా, గప్పుడే ఎందుకు" అని అత్తమ్మ సిగ్గుపడింది. "కాకపోతదా" అన్నాడు బాపు. ఆ చీటీలు ఆమె నా పాత నోటుబుక్కులో పెట్టుకుంది. మూడో తరగతిలో నాలుగు పేజీలు రాసి వదిలేసిన ఆ పుస్తకంలోనే ఆమె పురుగుల లెక్క రాసేది. దినం, టైము, ఏమైంది. మేడం నేర్పినట్టు మూడు గీతలు గీసి, గంటతో సహా.

అనుకున్నంత సులువు కాలేదు. తెర లోపల అవి జత కట్టేవి కావు. మొదటి ఏడు రెండో తరంలో ఆగిపోయింది. రెండో ఏడు ప్యూపాల్లోంచి సీతాకోకలకు బదులు సన్నటి కందిరీగలు వచ్చాయి. మూడో ఏడు శ్రావణంలో పట్టిన తల్లి గుడ్లు పెట్టింది, వాటి పిల్లలు తెరలోనే జత కట్టాయి, వాటి పిల్లలు పెరిగాయి. బతుకమ్మ పండుగ నాటికి మూడో తరం ప్యూపాలు తయారయ్యాయి. పదకొండు. అవి సీతాకోకలైతే వాటి పిల్లలు చలికాలం పిల్లలు. అత్తమ్మ మనసంతా ఆ పదకొండింటి మీదే. దేవుడికి దండం పెట్టుకున్నా వాటి గురించే పెట్టుకునేది. నానమ్మ కూడా వసారాలో అటువైపు ఉమ్మడం మానేసింది.

సద్దుల బతుకమ్మ ముందు రోజు పెద్ద వాన పడి వసారా కురిసింది. అత్తమ్మ ప్యూపాలున్న తంగేడు కొమ్మలను తెర లోంచి తీసి, నీళ్ళు పోసిన ఇత్తడి బిందెలో పెట్టి, నడిమి ఇంట్లో మూలకు చేర్చింది. "మూలకున్న తంగేడు ముట్టకు బిడ్డా. బతుకమ్మకు తెచ్చిన పువ్వు గంపల ఉంది" అని నాతో చెప్పింది. చెప్పలేదని నేను అనను. మర్నాడు సెలవు రోజే అయినా కుందేళ్ళకు మేత వేయాలని ఆమె కాలేజీకి పోయింది. నానమ్మకు చూపు ఆనదు. "పెద్దదానివైతివి, ఈసారి నువ్వే పేర్చు" అని పళ్ళెం నా ముందు పెట్టి, పక్కన కూర్చుని పసుపుతో గౌరమ్మను చేస్తున్నది. మొదటిసారి నా చేతుల మీద బతుకమ్మ. నా అంత గొప్పది ఇంకెవరూ లేరన్నట్టే ఉన్నాను.

పక్కింటి విమల గోడ మీది నుంచి, తెరిచి ఉన్న మా తలుపులోకి తొంగి చూసింది. "మాది నడుముదాక వచ్చింది. మీది ఇంకా మోకాళ్ళకే ఉన్నదేందే" అన్నది. ఆ ఏడు వానలకు తంగేడు తక్కువ వచ్చింది. గంపలో పువ్వు అయిపోయింది. బంతిపూలు వరస వేసి, గునుగు వరస వేసినా ఎత్తు రాలేదు. మూల బిందెలో కొమ్మలకు పచ్చగా గుత్తులున్నాయి. పువ్వు ఒక్కటే తుంచుకుందామనుకున్నాను. నిజంగా అంతే అనుకున్నాను. గుత్తులు తుంచి చుట్టూ పేర్చాను. బతుకమ్మ నడుమ బోలుగా ఉంటే కుంగిపోతుంది. అందుకని లోపల ఆకూ కాడలూ తుంచి కుక్కుతారు. చేతికి ఆకు కావాలి, ఎదురుగా కొమ్మలున్నాయి. విరిచి కుక్కాను. సగం పైగా కుక్కాక బొటనవేలికి ఏదో మెత్తగా తగిలింది. తీసి చూస్తే ఆకు అడుగున నడుముకు దారం కట్టుకుని ఉంది. అప్పటికైనా ఆపి, కుక్కినవన్నీ బయటికి తీసి ఉంటే కొన్నైనా మిగిలేవి. విమల ఇంకా గోడ మీదే ఉంది. నేను ఆ ఆకునూ మిగిలిన కొమ్మలనూ కూడా లోపలికి తోసి, దాని మీద కట్ల పువ్వు వరస పేర్చాను. నానమ్మ తడుముకుంటూ వచ్చి పైన గౌరమ్మను పెట్టింది. ఒకసారి గౌరమ్మను పెట్టాక బతుకమ్మను ఎవరూ విప్పరు. విప్పితే ఇంటికి మంచిది కాదు.

అత్తమ్మ మూడింటికి వచ్చింది. నేను దాక్కున్నట్టే వెనక బావి దగ్గర కూర్చున్నాను. చాలాసేపటి తర్వాత పిలిచింది. జడ వేసింది, కొత్త పరికిణీ కట్టింది. చూడలేదేమో అనుకున్నాను, మూలకు పోలేదేమో అనుకున్నాను. సాయంత్రం గల్లీలో ఆడవాళ్ళంతా బతుకమ్మలు నడుమ పెట్టి చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టారు. అత్తమ్మ కూడా తిరిగింది. మాది అన్నిటికంటే ఎత్తుగా ఉందని అందరూ అన్నారు. "మా సర్ల పేర్చింది" అని ఆమె అందరితో చెప్పింది. చెప్పిన ప్రతిసారీ నేను గుంపులో ఇంకొంచెం వెనక్కి జరిగాను.

అది నాకు మోయరానంత బరువైంది. అత్తమ్మే నెత్తిన పెట్టుకుంది. దోమలగూడ మీదుగా ట్యాంక్‌బండ్ దాకా నడిచాం. దారి పొడుగునా నేను ఆమె కొంగు పట్టుకుని వెనక నడిచాను. చెప్పెయ్యాలని ఎన్నిసార్లు అనుకున్నానో. మెట్లు దిగి ఆమె నీళ్ళల్లోకి పోయింది. మిగతావాళ్ళు ఒక్క తోపు తోసి, పసుపు చేతికి తీసుకుని, సత్తుపిండీ మలీదా పంచుకుంటున్నారు. ఆమె మాత్రం పళ్ళెం కింద రెండు చేతులు పెట్టి అట్లాగే నిలబడింది. నాకు అది నీళ్ళలోకి పోతే చాలు, అయిపోతే చాలు అన్నట్టుంది. "వదులు అత్తమ్మా, అందరు పోతున్నరు" అని గట్టుమీది నుంచి అరిచాను. "ఆగు జర" అన్నది. మళ్ళీ అరిచాను. అప్పుడు వదిలింది. అది కొంతదూరం నిలువుగా పోయి, పక్కకు ఒరిగి, పువ్వులు విడిపోయాయి. నాకు ఏడుపు వచ్చింది. జ్వరం వచ్చినట్టుందని ఆమె నన్ను ఎత్తుకుని ఇంటికి తెచ్చింది, పదకొండేళ్ళ దాన్ని.

పండుగ తెల్లారి ఆమె ఖాళీ బిందె కడగడానికి తీసినప్పుడు, నేను ముందే తయారు చేసుకున్న మాట చెప్పాను. పిల్లి పడగొట్టింది, కొమ్మలు నేను ఊడ్చి పారేశాను అన్నాను. ఆమె నా ముఖం వైపు చూసింది. "సరే బిడ్డా. చాయ్ తాగినవా" అన్నది. అంతే. బాపు అన్నం దగ్గర "మల్ల ఏడు చూద్దాంలే యశోదా" అన్నాడు. ఆ ఏడు ఎండాకాలంలోనే వసుంధర మేడంకు బదిలీ అయింది. తర్వాత వచ్చినాయనకు అటెండరు పురుగులు పెంచడమేమిటో అర్థం కాలేదు. గంట కొట్టడం, బీకర్లు కడగడం చూసుకోమన్నాడట. బీరువాకు తాళం పడింది. దోమతెర విప్పి అత్తమ్మ ఉతికింది. కొన్నాళ్ళు నానమ్మ మంచానికి కట్టుకున్నాం. తంగేడు ఆకు మళ్ళీ మా ఇంట్లోకి పండుగకు తప్ప రాలేదు.

నాకు బడిలో ఉద్యోగం వచ్చిన ఏడు ఆమెకు ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఆస్పత్రిలో ఒక సాయంత్రం నేను మంచం పక్కన కూర్చుని "అత్తమ్మా, నీకు ఒకటి చెప్పాలె. శాన ఏండ్ల సంది చెప్పాలనుకుంటున్న" అన్నాను. ఆమె నా చెయ్యి మీద చెయ్యి వేసి "అలిసిపోయినవు. రేపు చెప్తువులే" అన్నది. ఆ రేపు ఆమెకు మాట లేదు. మూడో నాడు పోయింది. ఆ తర్వాత ఏటేటా తరగతిలో నల్లబల్ల మీద గుడ్డు, లార్వా, ప్యూపా, ఇమాగో అని నాలుగు గుండ్రాలు గీసి బాణాలు పెట్టాను. ప్యూపా నీళ్ళలో పడితే ఏమైతది టీచర్ అని ఒకసారి ఒక పిల్ల అడిగింది. చస్తది అన్నాను, అనవసరమైన కోపంతో.

నవ్య నన్ను మ్యూజియంలోకి తీసుకుపోయింది. బీరువా తలుపు తీయగానే ఆ డాంబర్ గోలీల వాసన సన్నగా తగిలింది. అరల్లో ఇప్పుడు ఏమీ లేవు. పురుగులు తినేసిన పురుగుల పొడి, దాంట్లో నిలబడి ఉన్న తుప్పు పట్టిన పిన్నులు. తంగేడువి ఉండే రెండు అరలూ పక్కపక్కనే ఉన్నాయి, రెండు పేర్లతోనే. కలపడానికి వాటిల్లో ఏమీ మిగల్లేదు. నవ్య నోటుబుక్కు తెచ్చి ఇచ్చింది. దాని మధ్య పేజీలో అత్తమ్మ రెండు రెక్కలను అంటించి పెట్టింది, ఒకటి సాఫుది, ఒకటి మచ్చలది. వాటి పక్కన బాపు కొట్టిన చీటీలు, ఇరవైకి ఇరవై. నవ్య తన ఫోన్‌లో పురుగుల పేర్లు చెప్పే యాప్ తెరిచి రెక్కలను ఫోటో తీసింది. ఒకటి తీసింది, పేరు వచ్చింది. రెండోది తీసింది, అదే పేరు వచ్చింది. "రెండు ఒక్కటే మేడం. ఇది ఎప్పుడో తేలిపోయిన సంగతేనట. మనోళ్ళ దగ్గర పాత పుస్తకం ఉండె గావచ్చు" అన్నది. అత్తమ్మ మూడేళ్ళు పెంచింది, ఫోన్‌కు మూడు క్షణాలు పట్టలేదు. అంత సులువుగా దొరికే జవాబు కోసం ఆమెను అంత కష్టపెట్టిన లోకం మీద కోపం వచ్చింది. ఆ కోపం నా మీదికే మళ్ళింది. లోకానికి ఆమె చెప్పాల్సిన కొత్త విషయమేదీ లేదు. ఆ ఒక్క బీరువాలో ఆ రెండు అరలు ఒకటైతే ఆమెకు చాలు. అంత చిన్న కోరికను నేను ఆకుతో కలిపి కుక్కేశాను.

"చివరి పేజీ చూడుండ్రి మేడం. రాత గొలుసుకట్టు, నాకు సమజ్ కాలేదు" అన్నది నవ్య. నాకు అర్థమైంది, ఆ రాతతోనే కదా నేను అక్షరాలు దిద్దింది. పండుగ తెల్లారి నేను చెప్పిన పిల్లి సంగతి అక్కడ రాసి ఉంటుందనుకున్నాను. అది లేదు. ఉన్నది సద్దుల నాటి రాత. మూడు గీతల మధ్య, గంటతో సహా.

"సద్దుల బతుకమ్మ. పగలు మూడు గంటలు. కాలేజి నుంచి వచ్చిన. బిందెల కొమ్మలు లేవు. పదకొండు ప్యూపాలు బతుకమ్మ నడుమ ఉన్నయి. గౌరమ్మను పెట్టిన్రు. విప్పితే పిల్ల ఏడుస్తది. మొదటిసారి పేర్చింది. మంచిగ పేర్చింది."

దాని కింద ఇంకో గీత. "మాపు ఆరున్నర. సాగర్ల కలిపిన. వంశం తెగింది. పిల్లను అడగొద్దు."

ఏముంది మేడం అని నవ్య అడుగుతూనే ఉంది. నేను పుస్తకం మూసి, మళ్ళీ తెరిచి, ఆ గంటలను మళ్ళీ చదివాను. మూడు గంటలు. నాకు జడ వేయకముందే ఆమెకు తెలుసు. నా పేరు గల్లీ అంతా చెప్పుకున్నప్పుడు తెలుసు. నెత్తిన పెట్టుకుని దోమలగూడ దాటినప్పుడు, తాను మోస్తున్నదేమిటో ఆమెకు తెలుసు. ఆస్పత్రిలో రేపు చెప్తువులే అన్నప్పుడూ తెలుసు. నీళ్ళల్లో నిలబడి ఆమె ఆ పళ్ళాన్ని ఇంకొంచెం సేపు పట్టుకోవాలనుకుంది. తొందరగా వదలమని గట్టుమీది నుంచి రెండుసార్లు అరిచింది నేను.